సొంత పీసీలో లోకల్ మెయిల్ డెలివరీ: మెయిల్‌డిర్‌లో వెయ్యమంటే /వార్/మెయిల్‌లోనే పడేస్తోంది

ఉత్తరాలబుట్ట
ల్యాప్‌టాప్‌లో డెబియన్ లినక్స్. మెయిల్ పంచే ప్రోగ్రామ్ పోస్ట్‌ఫిక్స్‌ని ‘లోకల్ ఓన్లీ’గా, అంటే ఈ మెషీన్ వరకే, పెట్టాను. బయటి అకౌంట్ల నుంచి ఫెచ్‌మెయిల్ మెయిల్ తెచ్చి పోస్ట్‌ఫిక్స్‌కి ఇస్తుంది. పోస్ట్‌ఫిక్స్ దాన్ని నా హోమ్‌లో మెయిల్‌డిర్‌లో, అంటే ఒక్కో మెయిల్‌కి ఒక్కో ఫైలుండే ఫోల్డర్‌లో, వెయ్యాలి. హోమ్_మెయిల్‌బాక్స్ లైన్లో ‘మెయిల్‌డిర్/’ అని రాసి రీలోడ్ చేశాను. అయినా అన్నీ /వార్/మెయిల్‌లోనే పడుతున్నాయి. ఇంకో మూడు సంగతులు. రూట్‌కి (అడ్మిన్ అకౌంట్‌కి) వచ్చే క్రాన్ మెయిళ్లు, అంటే వేళకి నడిచే పనుల రిపోర్టులు, ఎక్కడికి పోతున్నాయి? స్పామ్ వడపోత ఎక్కడ పెట్టాలి? లాగ్ చూద్దామంటే మెయిల్.లాగ్ అనే ఫైలే లేదు, ఎందుకు?

నిద్రలేనిరాత్రి
మిగతావి తర్వాత. ఫెచ్‌మెయిల్‌లో ‘కీప్’ పెట్టారా? పెట్టకపోతే తెచ్చిన ప్రతి మెయిల్నీ సర్వర్‌లో చెరిపేస్తుంది, దాని డిఫాల్టే అది. డెలివరీ ఇంకా కుదరని దశలో ఇలా నడిపితే, రూల్ ఒక్కటి తేడా కొట్టినా మెయిల్ అక్కడా ఉండదు, ఇక్కడా ఉండదు. అన్నీ సరిగ్గా పడుతున్నాయని కళ్లారా చూశాకే కీప్ తియ్యండి.

ఉత్తరాలబుట్ట
కీప్ ఉంది. డెలివరీ సంగతి చెప్పండి.

పాతకాపు
ఎం4 అనే మాక్రో టూల్ సాయం లేకుండా, పాతకాలపు మెయిల్ ప్రోగ్రామ్ సెండ్‌మెయిల్ కాన్ఫిగ్‌ని చేత్తో రాసిన తరం మాది, కాబట్టి నా మాట కాస్త వినండి. ఒక్క మనిషి వాడుకునే మెషీన్‌కి మెయిల్‌డిర్ దండగ. /వార్/మెయిల్‌లో పడుతోందంటే సిస్టమ్ సరిగ్గా పనిచేస్తోందనే అర్థం, దాన్ని ఎందుకు కెలుకుతారు? అక్కడ ఉండేది ఎంబాక్స్, అంటే మెయిళ్లన్నీ కలిపి ఒక్క ఫైలు. వెతికినా, జిప్ చేసినా, కాపీ చేసినా ఒక్కటే పని. వేలకొద్దీ చిల్లర ఫైళ్లు పోసుకుని ఐనోడ్లు (ఫైలుకి ఒకటి చొప్పున డిస్క్‌లో ఖర్చయ్యే ఎంట్రీలు) తగలేసుకోవడం ఎందుకు?

కోలన్‌రెండు
తరం సంగతి సరే. ఆ ఒక్క ఫైలుతోనే కదా తంటా. ఎంబాక్స్‌లో లైను మొదట్లో ‘ఫ్రమ్’, దాని పక్కన ఖాళీ కనబడితే కొత్త మెయిల్ మొదలైందని లెక్క. మెయిల్ లోపలే ఎవరైనా ఒక వాక్యాన్ని అలా మొదలుపెడితే ఏం చేస్తారు? దాని ముందు > గుర్తు తగిలిస్తారు. అంటే పంపినవాడు రాసింది ఒకటి, మీ డిస్క్‌లో ఉన్నది ఇంకొకటి. డిజిటల్ సంతకం ఉన్న మెయిలైతే అక్కడే చెడిపోతుంది.

మెయిల్‌డిర్‌లో ఆ గొడవే లేదు. అందులో టీఎంపీ, న్యూ, కర్ అని మూడు ఫోల్డర్లు. మెయిల్ ముందు టీఎంపీలో పూర్తిగా రాయడం అవుతుంది, ఆ తర్వాతే న్యూలోకి వస్తుంది, చదివే ప్రోగ్రామ్ దాన్ని కర్‌లోకి జరుపుతుంది. మధ్యలో కరెంటు పోయినా సగం మెయిల్ మీ కంటపడదు. లాక్, అంటే ఇద్దరు ఒకేసారి రాయకుండా ఫైలుకి వేసే తాళం, అక్కర్లేదు. బెర్న్‌స్టీన్ తన మెయిల్ సర్వర్ క్యూమెయిల్‌తో పాటు దీన్ని తెచ్చిందే అందుకు.

పాతకాపు
లాక్ గొడవలు నెట్‌వర్క్ డిస్కుల మీద. ఇక్కడ ఉన్నది ఒక ల్యాప్‌టాప్, ఒక మనిషి.

కోలన్‌రెండు
ఒక మనిషే, కానీ ప్రోగ్రాములు రెండు. ఒకటి డాట్‌లాక్ (పక్కన పెట్టే గుర్తు ఫైలు) చూస్తుంది, ఇంకోటి ఎఫ్‌సీఎన్‌టీఎల్ (కెర్నెల్ వేసే) లాక్ చూస్తుంది. ఒకదాని లాక్ ఇంకోదానికి కనబడదు. మెయిల్ చదివే ప్రోగ్రామ్ మట్ ఆ ఫైలుని తిరగరాస్తుండగా కొత్త మెయిల్ వచ్చిందనుకోండి, ఏమవుతుందో మీకు తెలియనిదా?

పాతకాపు
మట్‌లో రెండు లాకులూ ఉన్నాయి. తెలిసి మాట్లాడండి. సరే, మీ మెయిల్‌డిర్‌ని ఒకసారి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి చూపించండి. చదివిన ప్రతి మెయిల్ పేరు చివరా కోలన్, రెండు, కామా, ఎస్ ఉంటాయి. పెన్‌డ్రైవ్‌లకి వాడే ఫ్యాట్ ఫార్మాట్‌లో పేరులో కోలన్ ఒప్పదు. బ్యాకప్ అయిందనుకుని నిద్రపోతారు, పొద్దున చూస్తే కొత్త మెయిళ్లు తప్ప ఒక్కటీ రాలేదు. నా పేరులోనే కోలన్ ఉందని మురిసిపోవడం కాదు.

కోలన్‌రెండు
టార్ చేసి, అంటే అన్నీ ఒక్క ఫైలుగా కట్టి, కాపీ చేస్తారు ఎవరైనా. ఐనోడ్ల గురించి అంత తెలిసినవారికి టార్ తెలియదా?

మోడరేటర్
‘నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు’ అంటూ సాగిన పోస్టు తీసేశాను. దానికి వచ్చిన జవాబూ తీసేశాను. అడిగినదానికి రండి.

జల్లెడ
ఇంతమంది ఇంతసేపు కొట్టుకున్నారు, అడిగినాయనకి జవాబు మాత్రం రాలేదు. ఉత్తరాలబుట్ట గారూ, పోస్ట్‌ఫిక్స్ సెట్టింగులు చూపే పోస్ట్‌కాన్ఫ్ కమాండ్‌ని మైనస్ ఎన్‌తో నడపండి. అందులో మెయిల్‌బాక్స్_కమాండ్ అనే లైను ఉంటుంది, పక్కన ప్రాక్‌మెయిల్ (మెయిళ్లని రూల్స్ ప్రకారం పంచే ప్రోగ్రామ్) పేరు ఉంటుంది. ప్రాక్‌మెయిల్ ముందే ఉన్న మెషీన్‌లో పోస్ట్‌ఫిక్స్ పెడితే డెబియన్ ఆ లైన్ని తనే రాసేస్తుంది. అది ఉన్నంతకాలం హోమ్_మెయిల్‌బాక్స్‌ని పోస్ట్‌ఫిక్స్ చూడనే చూడదు. మెయిల్ ప్రాక్‌మెయిల్ చేతికి పోతుంది, అది తన డిఫాల్ట్ ప్రకారం /వార్/మెయిల్‌లో వేస్తుంది. మెయిల్‌బాక్స్_ట్రాన్స్‌పోర్ట్ అని ఇంకోటి ఉంటే అది ఈ రెండిటికీ పైన. ఆ కమాండ్ లైన్ని ఖాళీ చేసి రీలోడ్ చెయ్యండి, అంతే.

అసలు ఇవాళ్టి రోజున ప్రాక్‌మెయిల్ ఎందుకండీ? డవ్‌కాట్ అనే ఐమ్యాప్ సర్వర్ (మెయిల్ ప్రోగ్రాములకి మెయిల్ చూపించేది) పెట్టుకుని, ఎల్‌ఎంటీపీ అనే డెలివరీ ప్రోటోకాల్‌తో మెయిల్ అందుకుని, సీవ్ అనే వడపోత భాషలో రూల్స్ రాసుకోండి. సీవ్‌కి ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) ఉంది, 5228. రూల్ చదివితే మనిషికి అర్థమవుతుంది. ప్రాక్‌మెయిల్ రూల్ రాసినవాడికే మర్నాడు అర్థం కాదు.

పాతకాపు
ఒక్క మనిషికి ఐమ్యాప్ సర్వరా!

నిద్రలేనిరాత్రి
ప్రాక్‌మెయిల్ చచ్చిపోయి చాలా కాలమైంది కదా. 2001 తర్వాత వెర్షనే రాలేదు. 2014లో దాన్ని చూసుకున్నాయనే ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లతో మీ పోర్ట్‌లలోంచి (ప్యాకేజీల్లోంచి) తీసెయ్యండి అన్నాడు.

పాతకాపు
సగం కథ చెప్పి వదిలెయ్యకండి. మొదట రాసిన స్టీఫెన్ వాన్ డెన్ బెర్గ్ 2020లో మళ్లీ పగ్గాలు పట్టుకున్నాడు. 2022లో 3.24 వచ్చింది. చచ్చినవాడికి కొత్త వెర్షన్ రాదు.

ఉత్తరాలబుట్టా, ప్రాక్‌మెయిల్ తీసెయ్యమంటే తీసెయ్యకు. డాట్ ప్రాక్‌మెయిల్‌ఆర్‌సీ అనే దాని సెట్టింగుల ఫైలులో డిఫాల్ట్‌ని మీ మెయిల్‌డిర్‌కి మార్చు, చివర స్లాష్ తప్పనిసరి. స్లాష్ లేకుండా డైరెక్టరీ పేరు ఇస్తే ఎంఎస్‌జీ అని మొదలయ్యే పేర్లతో ఫైళ్లు పడేస్తుంది, ఏ మెయిల్ ప్రోగ్రామూ వాటిని మెయిల్‌డిర్‌గా చూడదు. రూల్ ఎంబాక్స్‌కి అయితే, రూల్ మొదట్లో రాసే :0 తర్వాత రెండో కోలన్ పెట్టు, అది లాక్. మెయిల్‌డిర్‌కి అది అక్కర్లేదు. ఆ సెట్టింగుల ఫైలుకి గ్రూప్ రైట్ పర్మిషన్ ఉంటే ప్రాక్‌మెయిల్ అనుమానపడి పక్కన పెట్టేస్తుంది, అది కూడా చూసుకో.

కోలన్‌రెండు
చివరికి మెయిల్‌డిర్‌కి వచ్చారన్నమాట.

పాతకాపు
అడిగిన పిల్లాడికి కావలసింది చెప్పాను. నా మెషీన్‌లో ఎంబాక్సే.

ఉత్తరాలబుట్ట
జల్లెడ గారూ, దండం. ఆ లైను ఉంది. ఖాళీ చేశాను, న్యూలో మెయిల్ వచ్చి కూర్చుంది. పాతకాపు గారి పద్ధతి రేపు వేరే యూజర్ మీద చూస్తాను. రూట్ మెయిల్, లాగ్, స్పామ్ మిగిలాయి.

క్రాన్‌బాధితుడు
రూట్ సంగతి నేను చెప్తాను, దానితోనే టెన్షన్ పడుతూ బతుకుతున్నాను. ఎవరి మెయిల్ ఎవరికి పోవాలో చెప్పే /ఈటీసీ/ఏలియసెస్‌లో రూట్ పేరు పక్కన మీ యూజర్ పేరు రాసి, న్యూఏలియసెస్ నడపండి. ఆ కమాండ్ నడపకపోతే పోస్ట్‌ఫిక్స్ పాత జాబితానే చూస్తుంది. రేపు ప్రాక్‌మెయిల్ పెడతానంటున్నారు కదా, అప్పుడు ఇది ఇంకా ముఖ్యం. రూట్‌కి వచ్చిన మెయిల్ కోసం పోస్ట్‌ఫిక్స్ ఆ కమాండ్‌ని రూట్‌గా నడపదు, నోబడీ అనే అధికారాల్లేని యూజర్‌గా నడుపుతుంది. ఏలియస్ లేకపోతే రూట్ మెయిల్ సరిగ్గా పడదు.

లాగ్ అంటారా, కొత్త డెబియన్‌లో, అంటే 12 నుంచి, మెయిల్.లాగ్ రాసే ఆర్‌సిస్‌లాగ్ దానంతట అది రాదు. జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో వెతకండి. పాత ఫైలే కావాలంటే ఆ ప్యాకేజీ పెట్టుకోండి.

గాలిపటం
ఈ తిప్పలన్నీ దేనికి? పోస్ట్‌ఫిక్స్ తీసేసి, ఫెచ్‌మెయిల్‌లో ఎండీఏ (డెలివరీ ప్రోగ్రామ్) ఆప్షన్ ఇచ్చి నేరుగా మెయిల్‌డ్రాప్ అనే ప్రోగ్రామ్‌కి అప్పగిస్తే సరి. మెయిల్ సర్వర్లు మాట్లాడుకునే పోర్ట్ 25తో పనే ఉండదు.

క్రాన్‌బాధితుడు
మరి క్రాన్ మెయిల్ ఎవరు తెస్తారు, మీరా?

గాలిపటం
డీఎంఏ (డ్రాగన్‌ఫ్లై మెయిల్ ఏజెంట్) పెట్టుకోండి. చిన్నది, లోకల్ డెలివరీ చేస్తుంది, పోర్ట్ తెరవదు.

నిద్రలేనిరాత్రి
పోర్ట్ 25 అన్నారు కాబట్టి అడుగుతున్నాను. నాకు రావడం బాగానే ఉంది, పంపడమే కావట్లేదు. క్యూలో ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అని కుప్పలు పడి ఉన్నాయి.

జల్లెడ
ఇంటి కనెక్షన్‌లో బయటికి వెళ్లే 25ని చాలాచోట్ల మూసేసి ఉంచుతారు. రిలేహోస్ట్ (మీ తరఫున మెయిల్ పంపే సర్వర్) పెట్టి, పోర్ట్ 587లో పాస్‌వర్డ్‌తో పంపండి. సర్వర్ పేరుని స్క్వేర్ బ్రాకెట్లలో రాయండి, లేకపోతే ఎంఎక్స్ (ఆ డొమైన్ మెయిల్ అందుకునే సర్వర్) వెతుక్కుంటూ ఇంకెక్కడికో పోతుంది.

కోలన్‌రెండు
ఎంబాక్స్ అభిమానులకి ఇంకొకటి. పోస్ట్‌ఫిక్స్‌లో మెయిల్‌బాక్స్_సైజ్_లిమిట్ సొంత డిఫాల్ట్ 51200000 బైట్లు. ప్రాక్‌మెయిల్ రాసే ఫైలుకీ అదే వర్తిస్తుంది. మీ ముద్దుల ఒక్క ఫైలు అంత పెరిగిందా, డెలివరీ బంద్.

పాతకాపు
డెబియన్ ఇచ్చే ఫైలులో అది సున్నా, అంటే పరిమితి లేదు. ఆయనది డెబియన్ అని మొదటి పోస్టులో మొదటి లైన్లోనే రాశాడు.

ఉత్తరాలబుట్ట
స్పామ్?

క్రాన్‌బాధితుడు
డెలివరీ దగ్గరే పెట్టండి. ఫెచ్‌మెయిల్ దగ్గర పెడితే ఒక్కో మెయిల్‌కీ అది ఆగి కూర్చుంటుంది. ప్రాక్‌మెయిల్‌లో స్పామ్‌అసాసిన్‌ని ఫిల్టర్‌గా పిలవండి, ఒక లాక్ పేరు ఇవ్వండి. లేకపోతే ఫెచ్‌మెయిల్ ఒక్కసారిగా కుప్ప తెచ్చినప్పుడు అన్నిటికీ కలిపి లేచి మెమరీ మింగేస్తుంది. సైజుకి ఒక హద్దు కూడా పెట్టండి, భారీ అటాచ్‌మెంట్ ఉన్నవాటిని పంపక్కర్లేదు.

పాతకాపు
ప్రాక్‌మెయిల్ అన్నాడు, చూశారా.

జల్లెడ
స్పామ్‌అసాసిన్‌ని సీవ్ నుంచి కూడా పిలవొచ్చు. విడిగా రాస్తాను, ఇక్కడైతే మళ్లీ మొదలవుతుంది.