బ్రాడ్‌వే టికెట్లు అగ్గువకు ఎట్లా దొరుకుతాయి? (కొత్తగా వచ్చాను)

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. ఆగస్టులో ఎం.ఎస్.కు జెర్సీ సిటీ వచ్చాను. ఇంటర్‌లో కాలేజీ నాటకాల్లో వేషాలు వేసేవాడిని. ఇక్కడికొచ్చి, పక్కనే న్యూయార్క్‌లో బ్రాడ్‌వే అనే పేరున్న పెద్ద నాటకశాలల్లో ఒక్క నాటకమైనా చూడకపోతే ఎట్లా అనుకొని టికెట్ ధర చూశాను. 180 డాలర్లు. రూపాయల్లోకి మార్చి చూసుకొని ఫోన్ పక్కన పడేశాను. ఏవో యాప్‌లలో సగానికే వస్తాయని రూమ్మేట్ అంటున్నాడు. నిజమేనా?

---

మిర్యాలగూడ అన్న, ఎడిసన్ నుంచి:

తమ్మీ, ముందు ఆ రూపాయల లెక్క బంద్ చెయ్. లేకపోతే ఇక్కడ చాయ్ కూడా తాగలేవు.

నీ రూమ్మేట్ చెప్పింది నిజమే. కాకపోతే యాప్ పెట్టుకోగానే ధర సగమైపోదు. మన అంగట్లో పొద్దుగూకే వేళకు టమాటలు ఎందుకు అగ్గువకు ఇస్తారు? గంప మళ్ళీ ఇంటికి మోసుకుపోవడం దండగ కాబట్టి. నాటకం మొదలైతే ఖాళీ కుర్చీ కూడా అంతే, దాని మీద ఒక్క పైసా రాదు. అందుకే ఆ రోజు అమ్ముడుపోనివి తగ్గించి ఇస్తారు. ఫలానా నాటకమే, ఫలానా శనివారమే అని పట్టుబడితే 180 కట్టాల్సిందే. ఏదైనా సరే, ఏ రోజైనా సరే అనుకుంటే నీ పంట పండినట్టే. సోమవారం చాలా నాటకాలకు సెలవు. బుధవారం మ్యాట్నీ మాత్రం మీ స్టూడెంట్ల కోసమే పెట్టినట్టు ఉంటుంది, ఆఫీసు ఉన్నవాళ్ళు రాలేరు కదా.

నేను ఎక్కువగా వాడేది టుడేటిక్స్ అనే టికెట్ యాప్. అందులో 'రష్' అని ఉంటుంది, అంటే అదే రోజు ఆటకు కొన్ని టికెట్లు. చాలావరకు 30 నుంచి 50 డాలర్ల మధ్య ఉంటాయి, మనిషికి రెండు ఇస్తారు. పొద్దున 9కో 10కో తెరుస్తారు. ఏ నాటకానికి ఎన్నింటికో యాప్‌లోనే రాసి ఉంటుంది. రష్‌ను ముందురోజే అన్‌లాక్ చేసి, కార్డు వివరాలు ఎక్కించి పెట్టుకో. టైం అయ్యాక కార్డు నంబరు కొడుతూ కూర్చుంటే టికెట్లు ఎగిరిపోతాయి. ఒకరోజు నేను పర్సు వెతుక్కొని వచ్చేలోపే అయిపోయాయి.

లాటరీలు కూడా ఉంటాయి. 2015లో బ్రాడ్‌వేకు వచ్చిన 'హామిల్టన్' లాటరీ టికెట్ 10 డాలర్లే. అది అలెగ్జాండర్ హామిల్టన్ అనే అమెరికా నాయకుడి కథ, పది డాలర్ల నోటు మీద ఉన్న బొమ్మ ఆయనదే కాబట్టి ఆ ధర పెట్టారు. పేరు ఇచ్చి మరిచిపో, ఆశ పెట్టుకోకు. కానీ ఫోన్ మాత్రం సైలెంట్‌లో పెట్టకు. ఇంకో నాటకానికి నాకు నిజంగానే తగిలింది. గంటలోపు డబ్బు కట్టాలి. నేను ఆఫీసు మీటింగ్‌లో ఉన్నా. బయటికొచ్చి చూసేసరికి గడువు దాటి పదకొండు నిమిషాలు. మా ఆవిడ ఇప్పటికీ ఆ పదకొండు నిమిషాలు ఎత్తిపొడుస్తుంది.

---

పాలమూరు అక్క, బ్రూక్లిన్ నుంచి:

అన్న అసలైనది మరిచిపోయాడు. టైమ్స్ స్క్వేర్‌లో ఎర్ర మెట్లు ఉంటాయి చూడు, వాటి కింద టీకేటీఎస్ కౌంటర్. 1973 నుంచి ఉంది. 20 నుంచి 50 శాతం దాకా తగ్గిస్తారు, ఒక్కో టికెట్‌కు కొంత సర్వీస్ చార్జి కలుస్తుంది. వాళ్ళ యాప్‌లో ఆ పూట బోర్డు మీద ఏమున్నాయో కనిపిస్తుంది, చూసుకొని బయల్దేరొచ్చు. దాన్ని నడిపేది టీడీఎఫ్ అనే సంస్థ, లాభాపేక్ష లేనిది. ఫుల్‌టైం స్టూడెంట్‌వి కాబట్టి అందులో మెంబర్‌గా చేరొచ్చు. ఏడాదికి కొంత కట్టాలి. రెండు నాటకాలు చూస్తే ఆ డబ్బు తిరిగొచ్చేసినట్టే.

గూగుల్‌లో పైన కనిపించిందల్లా నొక్కకు. నేను వచ్చిన కొత్తలో ఒక రీసేల్ సైట్‌లో 60 అని చూసి సంబరపడ్డా. ఫీజులన్నీ కలిసి చివరి పేజీలో 94 అయింది. టెన్షన్‌లో కొనేశా. థియేటర్ బాక్సాఫీసుకు, అంటే అక్కడి టికెట్ కౌంటర్‌కు నేరుగా పోతే ఆన్‌లైన్ ఫీజు ఉండదు. కొన్ని థియేటర్లలో స్టూడెంట్ రష్ కూడా ఉంటుంది, కాలేజీ ఐడీ జేబులో పెట్టుకో.

పేరు బ్రాడ్‌వేనే కానక్కరలేదు. 100 నుంచి 499 సీట్లున్న హాళ్ళను ఆఫ్-బ్రాడ్‌వే అంటారు, ధరలూ తక్కువే. ముందు వరుసలో కూర్చుంటే నటుడి నుదుటి మీద చెమట కూడా కనిపిస్తుంది. నాకైతే అవే ఇష్టం. వేసవిలో సెంట్రల్ పార్క్‌లోని డెలాకోర్ట్‌లో షేక్‌స్పియర్ నాటకాలు పూర్తిగా ఉచితం. మన ఊళ్ళో చాప పట్టుకుపోయి తెల్లవార్లూ చూసిన భాగోతం గుర్తొస్తుంది, చాప ఒక్కటే తక్కువ.

---

మిర్యాలగూడ అన్న:

అవును, టీడీఎఫ్ సంగతి మరిచిపోయా. తమ్మీ, జెర్సీ నుంచి న్యూయార్క్‌కు పోయే పాత్ రైలు నీకు 33వ వీధి దాకా వస్తుంది, అక్కడి నుంచి నడకే. రాత్రంతా నడుస్తుంది కాబట్టి తిరుగు ప్రయాణానికి భయం లేదు. 'పార్షియల్ వ్యూ' అని, అంటే స్టేజీ కొంత కనపడని సీటు అని రాసుంటే మాత్రం ఆలోచించుకొని నొక్కు.

---

దేవరకొండ తమ్ముడు, తొమ్మిది రోజుల తర్వాత:

అన్నా, రెండు రోజులు వేలు వణికి పోగొట్టుకున్నా. మూడోసారి, నిన్న బుధవారం మ్యాట్నీకి 42 డాలర్లకు దొరికింది. పార్షియల్ వ్యూనే, తెలిసే నొక్కాను. ఎడమ పక్క, మూడో వరుస. స్టేజీ మీద ఎడమ మూల అసలు కనపడలేదు, ఆ మూల నుంచి ఎవరు వచ్చినా గొంతు ముందు, మనిషి తర్వాత. కానీ స్టేజీ ముందు వాద్యకారులు కూర్చునే గుంతలో వయొలిన్ వాయించే ఆమె, తన వంతు లేనప్పుడు చెప్పులు విడిచి కాళ్ళు చాపుకోవడం నాకొక్కడికే కనిపించింది.