సొంతంగా ఆర్‌ఎఫ్ మీటర్ చేస్తున్నా, తిప్పితే రీడింగ్ మారిపోతోంది

ఈసీఈ_వరంగల్:
ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాల) రేడియేషన్ మీటర్ చేస్తున్నాను. ఏడీ8318 మాడ్యూల్ (సిగ్నల్ పవర్ కొలిచే చిప్), ఆర్డుయినో బోర్డు, చిన్న రబ్బర్ యాంటెన్నా. డీబీఎం (ఒక మిల్లీవాట్‌తో పోల్చి పవర్ చెప్పే లాగ్ కొలమానం) చూపిస్తోంది కానీ మీటర్ కాస్త తిప్పినా, యూఎస్‌బీ కేబుల్ పట్టుకున్నా అంకె మారిపోతోంది. మా కాలనీలో టవర్ గురించి అందరికీ టెన్షన్, కొలిచి చెప్పమంటున్నారు. డీబీఎంని చదరపు మీటరుకి వాట్లుగా మార్చే ఫార్ములా ఎవరైనా చెప్తారా?

ప్రోబ్_శీను:
ఫార్ములా ఉంది తమ్ముడూ, కానీ అందులో యాంటెన్నా గెయిన్ (సిగ్నల్‌ని ఎంత బాగా పట్టుకుంటుందో చెప్పే అంకె) వేయాలి, నీ రబ్బర్ యాంటెన్నాకి అది ఒక్కో ఫ్రీక్వెన్సీలో ఒక్కోలా, ఒక్కో దిక్కున ఒక్కోలా ఉంటుంది. అసలు పనంతా చిప్‌లో కాదు, ప్రోబ్‌లో ఉంది. మంచి మీటర్లలో ఒకదానికొకటి లంబంగా మూడు బుల్లి డైపోల్స్ (రెండు తీగల యాంటెన్నాలు) పెట్టి, ఒక్కోదాని మధ్యలో షాట్కీ డయోడ్ (ఆర్‌ఎఫ్‌ని డీసీగా మార్చేది) వేసి, మూడింటి ఫీల్డుల వర్గాలూ (స్క్వేర్లు) కలుపుతారు, అందుకే ఎటు తిప్పినా ఒకటే రీడింగ్. డైపోల్ వేవ్‌లెంగ్త్ కంటే చాలా పొట్టిగా ఉంటే అది కెపాసిటర్‌లా ప్రవర్తిస్తుంది, డయోడ్ కూడా కెపాసిటరే, ఇద్దరి మధ్యా వోల్టేజి పంచుకునే నిష్పత్తి ఫ్రీక్వెన్సీతో పెద్దగా మారదు. నాకు ఈ డిజైన్‌లో అన్నిటికంటే నచ్చేది ఇదే. సెన్సిటివిటీ తగ్గుతుంది, నిజమే, కానీ నమ్మదగిన అంకె వస్తుంది.

ఇక నీ కేబుల్ కూడా యాంటెన్నాగా పనిచేస్తోంది. డయోడ్ నుంచి వచ్చేది డీసీ కాబట్టి రాగి తీగ బదులు కార్బన్ కలిపిన, రెసిస్టెన్స్ బాగా ఎక్కువున్న లైన్లతో బయటికి తెస్తారు. డీసీ వస్తుంది, ఆర్‌ఎఫ్ అందులో నిలవదు.

లక్ష్మి_ఆర్‌ఎఫ్:
శీను గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. డయోడ్ అవుట్‌పుట్ పవర్‌కి అనుపాతంగా ఉండేది సుమారు మైనస్ 20 డీబీఎం లోపే. ఆ పైన అది పీక్ వైపు జరిగిపోతుంది, కాబట్టి వైఫై లాంటి ముక్కలు ముక్కలుగా వచ్చే సిగ్నల్‌కి ఎక్కువ చూపిస్తుంది. ఎవరూ వాడని రూటర్ కూడా మామూలు సెట్టింగ్‌లో 102.4 మిల్లీసెకన్లకోసారి బీకన్ (నేనున్నానని చెప్పే చిన్న సిగ్నల్) పంపుతుంది, దాని పీక్ వేరు, సగటు వేరు. భద్రతా పరిమితులు రాసింది సగటుకి. మీ ఏడీ8318 లాగ్ డిటెక్టర్ (పవర్‌ని లాగరిథమ్‌గా చూపేది) కాబట్టి మాడ్యులేషన్ (సిగ్నల్ తీరు) మారితే అదీ కొన్ని డీబీ తప్పుతుంది, ట్రూ ఆర్‌ఎంఎస్ (సిగ్నల్ తీరు ఎలా ఉన్నా అసలు సగటు పవర్) కావాలంటే ఏడీ8362 చూడండి, 3.8 గిగాహెర్ట్జ్ వరకు పనిచేస్తుంది.

ఈసీఈ_వరంగల్:
చాలా థాంక్స్ అండి. మరి క్యాలిబ్రేషన్? కాలనీ వాళ్ళకి ఏం చెప్పాలి?

ప్రోబ్_శీను:
టెమ్ సెల్ (లోపల ముందే లెక్క తెలిసిన ఫీల్డ్ పుట్టించే పెట్టె) చేసుకో. లోహపు పెట్టె, మధ్యలో రేకు, 50 ఓమ్‌ల లోడ్. రేకుకీ గోడకీ 3 సెంటీమీటర్ల ఖాళీ ఉంటే 10 మిల్లీవాట్లకి ఫీల్డ్ మీటరుకి సుమారు 23.6 వోల్టులు వస్తుంది, లెక్క చేతిలోనే ఉంది. పెట్టె పెద్దదయ్యేకొద్దీ పనిచేసే పై ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది, కాబట్టి 900 మెగాహెర్ట్జ్ కావాలంటే చిన్నదే చెయ్, ప్రోబ్ ఆ ఖాళీలో మూడోవంతు మించకూడదు.

కాలనీ వాళ్ళకి మాత్రం ఈ మీటర్‌తో టవర్ మంచిదనీ చెడ్డదనీ తేల్చి చెప్పకు. 2012 సెప్టెంబరు నుంచి మన దేశంలో పెట్టిన పరిమితి 900 మెగాహెర్ట్జ్ దగ్గర చదరపు మీటరుకి 0.45 వాట్లు, అంటే మీటరుకి దాదాపు 13 వోల్టులు. అన్ని బ్యాండ్లూ కలిపి ఒకే అంకె ఇచ్చే మీటర్ దాన్ని ఏ బ్యాండ్ పరిమితితో పోల్చాలో చెప్పలేదు. టెలికాం శాఖ వాళ్ళ తరంగ్ సంచార్ పోర్టల్‌లో అడిగితే అధికారికంగా కొలుస్తారు, ఆ రోజు నీ మీటర్ కూడా పక్కన పెట్టి రెండు రీడింగులూ రాసుకో, రిపోర్ట్‌లో ఒక చాప్టర్ అవుతుంది.