పెర్ల్ రివర్ పాత పటం ఎక్కడ దొరుకుతుంది?

వెన్నెలగడప:
అందరికీ నమస్కారం. పొద్దుటి నుంచి ఇదే పని, మెడ పట్టేసింది. పెర్ల్ రివర్ పాత పటం కావాలి. ఏ అట్లాసు తెరిచినా నదే వస్తోంది. నాకు నది వద్దు, ఊరు కావాలి! లైబ్రరీలోని పెద్ద అట్లాసు సూచికలో పేరు కనబడింది కదా అని సంబరపడి ఆ గడిలో వెతికితే మళ్ళీ అదే నీలిగీత. అమెరికా భూగోళం మీద నమ్మకమైన పుస్తకం ఒక్కటి చెప్పండి. పుస్తకం ప్రెస్సుకు వెళ్ళాలి, దయచేసి త్వరగా.

ఒక్కమాట:
ఏ రాష్ట్రం?

పటాలపెట్టె:
నమ్మకమైన పుస్తకం అంటే ముందు చార్లెస్ పాలిన్ అట్లాసు. 1932లో వచ్చింది. అమెరికా చారిత్రక భూగోళానికి అంతటి గ్రంథం మళ్ళీ రాలేదని నా అభిప్రాయం. ఎన్నికలు, రైలుమార్గాలు, జనాభా, భూముల పంపిణీ, అన్నీ పటాల మీదే చూపించారు. రిచ్‌మండ్ విశ్వవిద్యాలయం వారు దాన్ని కంప్యూటర్లో చూసుకునేలా కూడా పెట్టారు. ఆ తర్వాత డి. డబ్ల్యూ. మైనిగ్ రాసిన ‘ది షేపింగ్ ఆఫ్ అమెరికా’, నాలుగు సంపుటాలు, 1986 నుంచి 2004 వరకు వచ్చాయి. ప్రాంతాలు ఎలా రూపు దిద్దుకున్నాయో అందులో చదవాలి. ఇప్పటివాళ్ళు ఫోన్లో రెండు వేళ్ళతో పటాన్ని సాగదీసి చూసి భూగోళం వచ్చేసిందనుకుంటున్నారు. కొలత చూడరు, ఏ సంవత్సరపు పటమో చూడరు. పటాన్ని కూడా పుస్తకంలాగే చదవాలండీ.

వెన్నెలగడప:
పాలిన్ అట్లాసులో పెర్ల్ రివర్ ఉందా?

పటాలపెట్టె:
ఊళ్ళ కోసం కాదది.

ఒక్కమాట:
ఏ రాష్ట్రం? ఏ సంవత్సరం?

డెల్టాకాలువ:
నది అంటే మిసిసిపీలోదే అయి ఉంటుంది. జాక్సన్ నగరం దాని ఒడ్డునే ఉంది. దిగువన మిసిసిపీకి, లూసియానాకు అదే సరిహద్దు. ఆ నది పేరుతో మిసిసిపీలో ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) ఉంది, పాప్లర్‌విల్ దాని కేంద్రం. లూసియానాలో సెయింట్ టమనీ పారిష్‌లో పెర్ల్ రివర్ అనే ఊరు కూడా ఉంది. మీకు కావలసింది అదేనేమో. అక్కడ కౌంటీని పారిష్ అంటారు, వెతికేటప్పుడు అది గుర్తుంచుకోండి.

వెన్నెలగడప:
అయ్యో, మిసిసిపీ కాదండీ! న్యూయార్క్. యల్లాప్రగడ సుబ్బారావు గారు పనిచేసిన లెడర్లీ ప్రయోగశాల ఉన్న పెర్ల్ రివర్. పెర్ల్ రివర్ అంటే అందరికీ అదే గుర్తొస్తుందనుకున్నాను. పిల్లల కోసం ఆయన మీద చిన్న పుస్తకం రాస్తున్నాను. 1940 నుంచి 1948 వరకు ఆయన తిరిగిన ఊరు ఎలా ఉండేదో ఒక పటం వేయాలి.

ఒక్కమాట:
ఇది మొదటే రాయాల్సింది. అమెరికా భూగర్భ సర్వే వారి పాత పటాలు ఉచితంగా దింపుకోవచ్చు. ‘పార్క్ రిడ్జ్’ షీటు చూడండి.

వెన్నెలగడప:
పార్క్ రిడ్జ్ న్యూజెర్సీలో కదా ఉంది?

హడ్సన్‌గాలి:
నేను ఆ చుట్టుపక్కలే ఉంటాను. ఒక్కమాట గారు చెప్పింది సరైనదే. ఆ సర్వే పటాలకు రాష్ట్రాల హద్దులతో పని లేదు. అక్షాంశ రేఖాంశాల ప్రకారం నలుచదరపు ముక్కలుగా కోసి, ఒక్కో షీటుకు ఎక్కువగా అందులోని ఏదో ఒక ఊరి పేరు పెడతారు. పెర్ల్ రివర్ సరిగ్గా న్యూజెర్సీ సరిహద్దును ఆనుకుని ఉంటుంది, దాటితే మాంట్‌వేల్. అందుకే అది పార్క్ రిడ్జ్ షీటులోకి వచ్చింది. 1:24,000 కొలత, అంటే పటం మీద అంగుళం నేల మీద 2,000 అడుగులు. పెద్ద కట్టడాలు నల్లటి ఆకారాల్లో కనబడతాయి. మిడిల్‌టౌన్ రోడ్డు పట్టుకుని వెతకండి, ప్రయోగశాల ఆవరణ ఆ దారిలోనే. ఊదారంగు కనబడితే మాత్రం ఆ షీటు మీకు పనికిరాదు. తర్వాతి కాలంలో విమానం నుంచి తీసిన ఫొటోలు చూసి చేర్చినవాటికి ఆ రంగు వేశారు. సర్వే చేసిన ఏడు వేరు, అచ్చు వేసిన ఏడు వేరు. రెండూ కింది అంచులో ఉంటాయి.

మరో సంగతి, పెర్ల్ రివర్ ‘టౌన్’ కాదు, హ్యామ్లెట్. ఆరెంజ్‌టౌన్ అనే టౌన్‌లో భాగం. గెజిటీర్లలో, అంటే ఊళ్ళ వివరాలిచ్చే పుస్తకాల్లో, ఆరెంజ్‌టౌన్ కింద కూడా వెతకాలి.

రెవెన్యూరికార్డు:
హ్యామ్లెట్ అంటే మన మజరా గ్రామమే. ఆరెంజ్‌టౌన్ రెవెన్యూ గ్రామం అన్నమాట.

హడ్సన్‌గాలి:
కాదండీ. మజరా ఏ రెవెన్యూ గ్రామంలోకి వస్తుందో మీ రికార్డుల్లో రాసి ఉంటుంది, భూమి లెక్క తేలుతుంది. న్యూయార్క్‌లో హ్యామ్లెట్‌కు చట్టప్రకారం హద్దే లేదు, సొంత పాలకవర్గమూ లేదు. పనులన్నీ టౌన్ చూస్తుంది. జనాభా లెక్కల వాళ్ళు తమ అవసరానికి ఒక గీత గీసుకుంటారు, అంతే.

రెవెన్యూరికార్డు:
అయితే టౌన్ అంటే మండలం.

హడ్సన్‌గాలి:
మండలం కూడా కాదు. టౌన్‌కు ఎన్నికైన పాలకవర్గం ఉంటుంది, ఆస్తిపన్ను వేస్తుంది. ఇంకో తమాషా వినండి. రాక్‌లాండ్ కౌంటీలో అయిదు టౌన్లే, సిటీ ఒక్కటీ లేదు. కౌంటీ కేంద్రం పేరు మాత్రం న్యూ సిటీ! అదీ హ్యామ్లెట్టే.

రెవెన్యూరికార్డు:
మండల పరిషత్తు కూడా ఎన్నికైనదే కదండీ. మీరు పోలిక వద్దంటే సరే.

పటాలపెట్టె:
రాక్‌లాండ్ ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 1798కి ముందు అది ఆరెంజ్ కౌంటీలో ఉండేది. పాత రికార్డులు చూసేవారు ఇక్కడే బోల్తా పడతారు. షికాగోలోని న్యూబెరీ లైబ్రరీ వారు కౌంటీల హద్దులు ఎప్పుడెప్పుడు మారాయో తేదీలతో సహా ఒక అట్లాసు తయారుచేశారు. పక్కనే టాపన్‌లో 1780 అక్టోబరు 2న బ్రిటిష్ గూఢచారి మేజర్ ఆండ్రేను ఉరితీశారు. ఆరెంజ్ కౌంటీకి తొలి కేంద్రం కూడా టాపనే. దాని గురించి వేరే చర్చ మొదలుపెట్టమంటారా?

డెల్టాకాలువ:
ఇంతకీ ఊళ్ళో ఆ పేరుతో నది ఉందా లేదా?

హడ్సన్‌గాలి:
నది లేదు, వాగు ఉంది. మడ్డీ బ్రూక్, అంటే బురదవాగు. పూర్వం అక్కడి ప్రాంతానికీ అదే పేరు. ఆల్చిప్పల్లో ముత్యాలు దొరికాయని పేరు మార్చారంటారు. రైలు వచ్చాక బురద పేరు పెట్టుకుని స్థలాలు అమ్మడం కష్టమైందని నా అనుమానం.

వెన్నెలగడప గారూ, ఊరి వాతావరణం కావాలంటే ‘న్యూయార్క్: ఎ గైడ్ టు ది ఎంపైర్ స్టేట్’ చూడండి. ప్రభుత్వం నిరుద్యోగ రచయితలకు పని కల్పించి రాష్ట్రానికొకటి చొప్పున రాయించిన పుస్తకాల్లో ఒకటి. 1940లో వచ్చింది, సుబ్బారావు గారు లెడర్లీలో చేరిన ఏడే. ఆనాటి దారులు, ఊళ్ళు, కూడళ్ళు అందులో చదవొచ్చు. ఒక్కో భవనం కావాలంటే శాన్‌బర్న్ అగ్నిబీమా పటాలు ఉన్నాయి. 50 అడుగులకు అంగుళం, ఇటుక కట్టడం గులాబీ రంగు, కర్రది పసుపు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సేకరణలో పెర్ల్ రివర్ ఉందేమో వెతకండి.

ఒక్కమాట:
అచ్చు వేసేముందు షీటు పేరు, సంవత్సరం పటం కింద రాయండి.

వెన్నెలగడప:
షీటు దిగింది, మిడిల్‌టౌన్ రోడ్డు కూడా కనబడింది. అందరికీ ధన్యవాదాలు. ప్రెస్సు వాళ్ళు నలుపు తెలుపే వేస్తామంటున్నారు, ఆ గోధుమరంగు ఎత్తు గీతలన్నీ రోడ్లతో కలిసిపోతాయేమో. వాటిని తీసేసే ఉపాయం ఎవరికైనా తెలుసా?

పటాలపెట్టె:
ఎత్తు గీతలు తీసేస్తారా!

రెవెన్యూరికార్డు:
హడ్సన్‌గాలి గారూ, విలేజ్ అంటే మరి అక్కడ ఏమిటండీ? టౌన్ లోపల ఉంటుందా, బయటా?