అడ్తి దుకాణాల వెబ్ యాప్‌కు ధర: లాగిన్‌కు ఇంతనా, బస్తాకు ఇంతనా?

మడికొండ_కోడర్:
వరంగల్ ఏనుమాముల మార్కెట్ అడ్తి దుకాణాల (రైతు సరుకును కమిషన్ మీద అమ్మిపెట్టే దుకాణాలు) కోసం నేనూ నా పార్ట్‌నరూ ఒక వెబ్ యాప్ చేశాం. కాంటా అయ్యాక బస్తాలు, తూకం, ధర ఎక్కిస్తే కోతలు పోను రైతుకు ఎంత రావాలో తేల్చి తక్‌పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) ప్రింట్ ఇస్తుంది. రైతు ఫోన్‌కు ఎస్సెమ్మెస్ కూడా పోతుంది. నాలుగు దుకాణాలు ఇప్పుడు ఉచితంగా వాడుతున్నాయి. ఇక ధర పెట్టాలి. ఒక్కో లాగిన్‌కు నెలకు 499 అని నేను, బస్తాకు 50 పైసలు అని పార్ట్‌నర్. మీరేమంటారు?

హన్మకొండ_లెక్కలు:
రెండూ వద్దు తమ్మీ. లాగిన్‌కు ఇంత అంటే సేటు, ఆయన కొడుకు, గుమాస్తా ముగ్గురూ ఒకే పాస్‌వర్డ్ వాడతారు. అది గల్లాపెట్టె మూతకు అంటించి ఉంటుంది. రేపు తూకం తప్పు ఎక్కితే ఎవరు ఎక్కించారో తేలదు, గొడవ మీ మీదికొస్తుంది.

బస్తా లెక్క ఇంకా ప్రమాదం. బిల్లులో ఇన్ని వేల బస్తాలు అని కనపడగానే సేటు మీ 50 పైసల గురించి ఆలోచించడు. నా సరుకు లెక్క బయటివాడి దగ్గరుందే అనుకుంటాడు. మర్నాటి నుంచి సగం సరుకు మళ్లీ చిట్టా పుస్తకంలోకే పోతుంది.

దుకాణానికి ఇంత అని ఏడాదికి ఒకటే ధర పెట్టండి. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీకి లైసెన్స్ కొని ఏటా రెన్యువల్ కట్టడం వాళ్లకు అలవాటే.

పార్ట్‌నర్_నేనే:
అన్నా, రోజుకు ఇరవై బస్తాలొచ్చే దుకాణం, ఐదొందలొచ్చే దుకాణం ఒకే ధర కట్టాలా? ఎస్సెమ్మెస్ ఖర్చు మాకు బస్తాలను బట్టే పెరుగుతుంది కదా.

హన్మకొండ_లెక్కలు:
ఎస్సెమ్మెస్‌కు ప్యాక్ వేరే అమ్మండి. ఇంగ్లిష్‌లో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడతాయి, తెలుగులో 70 మాత్రమే. రైతు పేరు, బస్తాలు, తూకం, ధర, మొత్తం అన్నీ తెలుగులో రాస్తే రెండో మూడో ఎస్సెమ్మెస్‌ల డబ్బు పడుతుంది. దాన్ని అసలు ధరలో కలిపితే పెద్ద దుకాణమే మిమ్మల్ని ముంచుతుంది.

కరీంనగర్_భాయ్:
ఏడాది డబ్బు ముందే ఇచ్చేంత నమ్మకం కొత్తవాళ్ల మీద ఎవరికుంటుంది? నెలవారీయే నయం. నచ్చకపోతే మానేస్తారు, మీకూ ధర మార్చుకునే వీలుంటుంది. ఆటోపే పెడితే వసూలు కోసం తిరిగే పనే లేదు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 15,000 లోపైతే ప్రతిసారీ ఓటీపీ కూడా అడగదు.

హన్మకొండ_లెక్కలు:
అదే నిబంధనలో ఇంకోటుంది భాయ్. డబ్బు కట్ అవడానికి కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి. దసరా తర్వాత పత్తి, జనవరి దాటాక మిర్చి, మే అయిపోతే మార్కెట్ పలచబడుతుంది. జూలైలో దుకాణంలో ఈగలు తోలుకుంటున్నప్పుడు ఆ మెసేజ్ వస్తే సేటు అక్కడికక్కడే రద్దు కొడతాడు. అంత నమ్మకం లేదంటే సగం దసరాకు, సగం మిర్చి జోరు మీదున్నప్పుడు తీసుకోండి.

జీఎస్టీ సంగతీ చూసుకోండి. మీ టర్నోవర్ 20 లక్షలు దాటితే 18 శాతం వేయాలి. వ్యవసాయ సరుకు మీద అడ్తి కమిషన్‌కు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి, మీరు వేసిన పన్నును వాళ్లు ఎక్కడా తిరిగి రాబట్టుకోలేరు. ఈ రోజు 6,000 అని చెప్తే రేపు వాళ్ల చేతి నుంచి పోయేది 7,080.

మడికొండ_కోడర్:
బేరం ఆడితే ఎంతవరకు దిగాలి?

కరీంనగర్_భాయ్:
ఆడకుండా ఉంటారా! జెండా పాట (రోజు మొదటి వేలం) ధర వేరు, తర్వాత ఒక్కో లాట్‌కు పడే ధర వేరు అని రోజూ చూసేవాళ్లు. వెబ్‌సైట్లో ఒక ధర రాసిపెట్టుకోండి, తగ్గిస్తే ట్రైనింగ్‌లోనో ఎస్సెమ్మెస్ ప్యాక్‌లోనో తగ్గించండి. ఏడాదికైనా నెలకైనా ఇది మాత్రం తప్పదు. నేనింకా నెలవారీయే అంటాను.

పార్ట్‌నర్_నేనే:
మరి ఇప్పుడు ఉచితంగా వాడుతున్న నలుగురిని ఏం చేయాలి?

హన్మకొండ_లెక్కలు:
పూర్తి ధరతో బిల్లు రాసి, కింద ఈ ఏడాదికి తగ్గింపు అని చూపించండి. బిల్లే లేకపోతే, మాకు ఊరికే ఇచ్చారని పక్క దుకాణానికి చెప్పేది వాళ్లే.