టిప్పన్‌లో 12-8 అని ఉంటే ఎన్ని అడుగులు?

పరకాల వాసి:
తాత పేరు మీదున్న సర్వే నంబరుకు టిప్పన్ (కొలతలు రాసి ఉండే పొలం సర్వే పటం) నకలు తీసుకున్న. పాసుబుక్కుల 1-35 ఉంది, అంటే ఎకరం ముప్పై ఐదు గుంటలు. టిప్పన్‌ల నడుమ పొడుగు గీత మీద 12-8, ఆ గీత నుంచి ఒక దిక్కు మూలకు 6-4, ఇంకో దిక్కు మూలకు 5-12 అని రాసి ఉంది. గొలుసంటే 66 అడుగులని నెట్‌ల చూసి మా తమ్ముడు లెక్క కడితే ఏడున్నర ఎకరాలు తేలింది! ఉత్తరం గెట్టు మీద హద్దురాయి కనబడ్తలేదు. పక్క చెలక మా పాలోళ్లదే. వాళ్లతోని మాట్లాడే ముందు నాకు లెక్క ఖాయంగా తెలువాలె.

నూజివీడు నుంచి:
మా వైపు ఎఫ్‌ఎంబీలో (పొలం కొలతల పుస్తకం) కొలతలు లింకుల్లో ఉంటాయండీ. 100 లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు. లింకు 7.92 అంగుళాలు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. మీరు రాసినట్టు నడుమ గీత పెట్టిన అంకెలు మా కాగితాల్లో చూడలేదు.

హనుమకొండ, ప్రైవేటు సర్వేయర్:
నూజివీడు సార్ చెప్పింది గంటర్ గొలుసు. 1620లో ఇంగ్లండులో ఎడ్మండ్ గంటర్ తెచ్చిండు. క్రికెట్ పిచ్ పొడుగు సరిగ్గా అంతే, 22 గజాలు. మన నిజాం ఇలాకా టిప్పన్‌లకు అది పనికిరాదు. మన గొలుసు దాంట్ల సగం, 33 అడుగులు. గొలుసుకు 16 అణాలు. అణా అంటే రెండడుగుల ముప్పావు అంగుళం.

33 అడుగులే ఎందుకంటే, 33ని 33తోని గుణిస్తే 1089 చదరపు అడుగులు, అంటే 121 గజాలు, అంటే గుంట. చదరపు గొలుసే గుంటన్నమాట. అడుగుల జోలికి పోకుండనే విస్తీర్ణం వస్తది. నాకు ఈ పద్ధతి మీద ఎంత గౌరవమో!

మీది చూడుండ్రి. 12-8 అంటే 12 గొలుసుల 8 అణాలు, పన్నెండున్నర గొలుసులు. 6-4 ఆరుంపావు, 5-12 ఐదుంముప్పావు. గీతకు రెండు దిక్కుల రెండు త్రిభుజాలు కాబట్టి రెండు అడ్డకొలతలు కలిపి సగం చెయ్యాలె. కలిపితే 12, సగం 6. పన్నెండున్నరను ఆరుతోని గుణిస్తే 75 గుంటలు. ఎకరం ముప్పై ఐదు, పాసుబుక్కుతోని కలిసింది. అడుగులల్ల 412.5, 206.25, 189.75. మీటర్లు కావాల్నంటే గొలుసుకు 10.0584.

66 పెడితే నాలుగింతలైతది కాబట్టి ఎవరైనా పట్టుకుంటరు. 12-8ని 12.8 అని క్యాలిక్యులేటర్ల కొట్టుడే అసలు ప్రమాదం. మీ మూడు అంకెలను అట్ల కొడితే 73.73 గుంటలే వస్తయి. నూటయాభై గజాల పైన మాయమైతది, దగ్గరి లెక్కే కదా అని ఎవ్వరూ అడగరు. గెట్టు పంచాయితీ పుట్టడానికి అది చాలు.

12-8ల ఉన్నట్టు రెండంకెల నడుమ ఉండే చిన్న అడ్డగీత తర్వాతి అంకె 15 దాటి కనిపిస్తే అది అణా కాదు, అక్కడ ఆగి వేరే కొలమానమేమో చూడాలె.

పరకాల వాసి:
మా తమ్మునికి చూపించిన అన్నా, ఇద్దరం మళ్ల వేసుకున్నం, 75 వచ్చింది. నడుమ గీత మీద 6-4 దగ్గర చిన్నగ 5-4 అని ఉంది. అదేంది?

హనుమకొండ, ప్రైవేటు సర్వేయర్:
అడ్డకొలత ఎక్కడ మొదలైతదో చెప్పే అంకె అది. గీత మొదటి రాయి నుంచి 173 అడుగుల 3 అంగుళాలు పోయి, అక్కడ్నుంచి గీతకు మూలమట్టంగా 206 అడుగుల 3 అంగుళాలు కొలిస్తే ఆ మూల దొరుకుతది. పోయిన రాయి ఆ మూలదైతే జాగ అదే. టేపును బిర్రుగ, మట్టంగ పట్టాలె. ఒడ్డు వాలుల నేల మీద పరిస్తే పొడుగు ఎక్కువ చూపిస్తది. ముందుగాల గీతకు రెండు కొసల రాళ్లు ఉన్నయా చూడుండ్రి. ఒక్కటి లేకున్నా పక్క సర్వే నంబరు టిప్పన్ కూడా తీసుకోవాలె. రాయి మాత్రం మీరు పాతకుండ్రి, హద్దుల సర్వేకు దరఖాస్తు పెట్టి పాలోళ్లను నిలబెట్టుకొని పాతించుండ్రి.