పలాస జీడిపప్పు బిల్లుల యాప్: డౌన్‌లోడ్ టెస్టులు లాప్‌టాప్‌లో పాస్, సర్వర్‌లో ఫెయిల్

కాశీబుగ్గ_టెస్టర్

అందరికీ నమస్కారం. జీడిపప్పు వ్యాపారుల బిల్లింగ్ వెబ్ యాప్‌కి ఆటోమేషన్ (వాటంతట అవే నడిచే టెస్టులు) రాస్తున్నాను. జావా, సెలీనియం 4 (బ్రౌజర్‌ని కోడ్‌తో నడిపే సాధనం), క్రోమ్. డౌన్‌లోడ్లు రెండే: ఒక్కో లోడుకి పీడీఎఫ్ బిల్లు, నెలాఖరుకి ఎక్సెల్ స్టేట్‌మెంట్. బిల్లు ఫైలు పేరులో ఊరు తెలుగులోనే ఉండాలని వ్యాపారుల పట్టు, అంచేత "పైడిభీమవరం-417" లాంటి పేర్లొస్తాయి. స్టేట్‌మెంట్ పేరులో ఆ రోజు తేదీ ఉంటుంది.

బటన్ నొక్కడం, 10 సెకన్లు ఆగడం, ఫోల్డర్‌లో ఫైలుందా అని చూడడం. ఇదే నా టెస్టు. లాప్‌టాప్‌లో ఎప్పుడూ పాసే. రాత్రి 2 గంటలకి సర్వర్ మీద డాకర్‌లో (ప్రోగ్రాముల్ని కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపే సాధనం) నడిచే రన్‌లో మాత్రం ఒక్కోసారి ఫైలే ఉండదు, ఒక్కోసారి ఉన్నా పేరు కలవలేదంటుంది. అన్నిటికంటే బాధ ఏటంటే, టెస్టు పాసైన బిల్లు కూడా వ్యాపారి దగ్గర తెరుచుకోలేదు. ఎక్కడినుంచి మొదలెట్టాలి?

నాగావళి_గట్టు

ముందు ఆ 10 సెకన్ల స్లీప్ తీసెయ్యండి. నెలాఖరు స్టేట్‌మెంట్‌కి అది చాలదు, చిన్న బిల్లుకి దండగ. అరసెకనుకోసారి ఫోల్డర్ చూస్తూ, గరిష్ఠంగా 60 సెకన్లు ఆగే లూప్ రాయండి. షరతు మాత్రం జాగ్రత్తగా పెట్టాలి. డౌన్‌లోడ్ నడుస్తున్నంతసేపూ క్రోమ్ ఆ ఫైలుకి ".సీఆర్‌డౌన్‌లోడ్" అన్న తోక తగిలిస్తుంది. "ఆ తోక ఉన్న ఫైలేదీ లేకపోతే అయిపోయినట్టే" అని చాలామంది రాస్తారు, అక్కడే దెబ్బ తింటారు. బటన్ నొక్కాక సర్వర్ జవాబిచ్చేలోగా ఫోల్డర్ ఖాళీగానే ఉంటుంది కదా, అప్పుడూ ఆ షరతు నిజమే అవుతుంది. తోక ఫైలు ఉండకూడదు, అసలు ఫైలు ఉండాలి, దాని సైజు సున్నాకి మించాలి. మూడూ కలిస్తేనే లూప్ వదలాలి.

ఫోల్డర్‌ని ప్రతి టెస్టుకీ కొత్తగా సృష్టించండి. అదే పేరుతో పాత ఫైలుంటే క్రోమ్ కొత్తదానికి "(1)" చేరుస్తుంది. మీ టెస్టు పాతదాన్నే చూసి పాసైపోతుంది, లేదా పేరు కలవలేదని ఆగిపోతుంది. డౌన్‌లోడ్ డైరెక్టరీకి పూర్తి పాత్ ఇవ్వండి, చుక్కతో మొదలయ్యే రిలేటివ్ పాత్ వద్దు. పీడీఎఫ్‌ని క్రోమ్ తన వ్యూయర్‌లో తెరవకుండా, బయట సేవ్ చేసేలా ప్రిఫరెన్స్ కూడా పెట్టాలి.

డాకర్‌లో సెలీనియం గ్రిడ్ (బ్రౌజర్‌ని వేరే యంత్రంలో నడిపే ఏర్పాటు) వాడుతున్నారా? అయితే ఫైలు పడేది బ్రౌజర్ నడిచే నోడ్‌లో. మీ జావా కోడ్ వెతికేది తన సొంత డిస్క్‌లో. ఎన్నాళ్లు వెతికినా దొరకదు. నోడ్‌లో మేనేజ్డ్ డౌన్‌లోడ్స్ ఆన్ చేసి, సెషన్ కేపబిలిటీస్‌లో (బ్రౌజర్ సెషన్ మొదలెట్టేటప్పుడు ఇచ్చే సెట్టింగులు) కూడా డౌన్‌లోడ్స్ ఎనేబుల్ చేస్తే, రిమోట్ డ్రైవర్ ద్వారానే ఫైలుని మీ దగ్గరికి తెచ్చుకోవచ్చు.

గంటస్తంభం_దేవ్

పేరు సంగతికొస్తే, రెండు చోట్ల చూడండి.

ఒకటి తేదీ. డాకర్ కంటైనర్ గడియారం సాధారణంగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటుంది, మనకంటే 5:30 గంటలు వెనక. అర్ధరాత్రి దాటిన దగ్గర్నుంచి తెల్లవారుజాము 5:30 దాకా అక్కడింకా నిన్నటి తేదీయే. మీ రన్ సరిగ్గా ఆ మధ్యలో పడుతోంది. యాప్, టెస్టు రెండింటికీ ఏషియా/కోల్‌కతా టైమ్‌జోన్ కోడ్‌లోనే చెప్పండి, సిస్టమ్ డిఫాల్ట్‌కి వదలొద్దు.

రెండోది "పై" అక్షరం. ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే కోడ్‌పాయింట్‌గా (యూనికోడ్ ఒక్కో గుర్తుకిచ్చే నంబరు) ఒకటి, ఎత్వం గుర్తూ ఐత్వపు కింది గుర్తూ విడివిడిగా ఇంకొకటి. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి, జావాలో పోల్చే ఈక్వల్స్ మాత్రం ఒకటి కాదంటుంది. "పైడిభీమవరం" మొదటి రకంలో 10 కోడ్‌పాయింట్లు, యూటీఎఫ్-8లో 30 బైట్లు. రెండో రకంలో 11, అంటే 33 బైట్లు. పొడవు ప్రింట్ చేస్తే తెలిసిపోతుంది. పోల్చే ముందు రెండు వైపులా ఎన్ఎఫ్‌సీకి (విడి గుర్తుల్ని ఒకటిగా కలిపే యూనికోడ్ రూపం) నార్మలైజ్ చేయండి.

పేరు ప్రశ్నార్థకాలుగానో చెత్తగానో వస్తే మాత్రం అది టెస్టు తప్పు కాదు, యాప్‌లో బగ్. సర్వర్ జవాబులో ఫైలు పేరు చెప్పే కంటెంట్-డిస్పొజిషన్ హెడర్‌లో తెలుగు పేరుని నక్షత్రం గుర్తున్న ఫైల్‌నేమ్ పరామితిలో, పర్సెంట్ ఎన్‌కోడింగ్‌తో పంపాలి. ఆ హెడర్‌కున్న ఇంటర్నెట్ ప్రమాణం ఆర్ఎఫ్‌సీ 6266 చెప్పేది అదే.

వంశధార_క్యూఏ

తెరుచుకోని బిల్లు గురించి ఎవరూ మాట్లాడలేదు. నా దృష్టిలో అసలు సమస్య అదే, ఎందుకంటే అక్కడ నష్టపోయేది వ్యాపారి.

ఎక్కువసార్లు జరిగేది ఇది: సెషన్ గడువైపోతుంది, సర్వర్ లాగిన్ పేజీ పంపుతుంది, అది పీడీఎఫ్ పేరుతో సేవ్ అవుతుంది. ఫైలుంది, సైజుంది, టెస్టు పాస్. మొదటి నాలుగు బైట్లు చదవండి. పీడీఎఫ్ అయితే శాతం గుర్తు, ఆ వెంటనే పీడీఎఫ్ అన్న మూడు ఇంగ్లిష్ అక్షరాలు ఉండాలి. ఎక్సెల్ ఫైలు (ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ రకం) నిజానికి జిప్, కనుక పీ, కే అక్షరాలతో మొదలవ్వాలి.

మొత్తం ఫైలుకి హ్యాష్ (బైట్లన్నిటి నుంచి లెక్కగట్టే గుర్తు) తీసి పాతదానితో పోల్చొద్దు. పీడీఎఫ్ తయారైన సమయం లోపలే రాసి ఉంటుంది కాబట్టి ప్రతిసారీ మారుతుంది. పీడీఎఫ్‌బాక్స్ అనే జావా లైబ్రరీతో టెక్స్ట్ తీసి బిల్లు నంబరు, గ్రేడు (డబ్ల్యూ 240, డబ్ల్యూ 320), మొత్తం సొమ్ము చూడండి. సొమ్ముకి శాంపిల్ డేటా లక్ష దాటి ఉండాలి. 99,999 దాకా మన కామాలూ విదేశీ కామాలూ ఒకేచోట పడతాయి, 1,25,000 దగ్గరే 125,000 అన్న తప్పు బయటపడుతుంది. జావా మామూలు డెసిమల్‌ఫార్మాట్‌కి లక్షల కామా పెట్టడం రాదు, ఐసీయూ4జే లైబ్రరీ వాడాలి.

తెలుగు వాక్యాలని మాత్రం టెక్స్ట్ తీసి పోల్చకండి. పీడీఎఫ్‌లో ఉండేవి ఫాంటు ఆకారాలు, ఒత్తులూ గుణింతాలూ తిరిగొచ్చేసరికి వరుస తప్పొచ్చు. "శ్రీకాకుళం" కంటికి చక్కగా కనిపిస్తూనే టెక్స్ట్‌గా ముక్కలై రావచ్చు. దానికి రెండు పనులు: పాప్లర్ అనే పీడీఎఫ్ సాధనాల్లోని పీడీఎఫ్‌ఫాంట్స్ ఆదేశంతో తెలుగు ఫాంటు ఫైలు లోపలే చేరిందో (ఎంబెడ్) లేదో చూడడం, పేజీని బొమ్మగా మార్చి ముందే ఆమోదించిన బొమ్మతో పోల్చడం. బొమ్మలో డబ్బాలు కనిపిస్తే, బిల్లు తయారుచేసే కంటైనర్‌లో తెలుగు ఫాంటు లేనట్టే. నోటో సాన్స్ తెలుగు ఫాంటు వేయించండి.

ఎక్సెల్‌ని అపాచీ పీఓఐ లైబ్రరీతో చదివి, సొమ్ము గడి నంబరా టెక్స్టా అని తప్పక చూడాలి. టెక్స్ట్ అయితే వ్యాపారి కింద మొత్తం వేసుకుంటే సున్నా వస్తుంది.

కాశీబుగ్గ_టెస్టర్

పొడవులు ప్రింట్ చేశాను. మాస్టర్ డేటాలోంచి వచ్చే పేరు 11, టెస్టులో నేను టైప్ చేసింది 10. నార్మలైజ్ చేశాక పేరు కలిసింది. టైమ్‌జోన్ కూడా సరిచేశాను. పాడైన బిల్లుని నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే హెచ్‌టీఎమ్‌ఎల్, లాగిన్ పేజీయే! ఒక్క సందేహం: బ్రౌజర్ లేకుండా, లాగిన్ కుకీ తీసుకుని నేరుగా హెచ్‌టీటీపీతో ఫైలు తెప్పించుకుంటే సరిపోదా?

నాగావళి_గట్టు

బిల్లుకి సరిపోతుంది, వేగం కూడా. సెలీనియం వాళ్ల డాక్యుమెంటేషన్ సలహా కూడా అదే. స్టేటస్ 200, కంటెంట్-టైప్, ఫైలు పేరు హెడర్ మూడూ అక్కడే చూసెయ్యొచ్చు. లాగిన్ పేజీకి దారి మళ్లించడం కనపడాలంటే క్లయింట్‌లో ఆటో రీడైరెక్ట్ ఆపండి, 302 (దారి మళ్లింపు స్టేటస్) కనిపిస్తుంది. ఎక్సెల్‌ని బ్రౌజర్‌లోనే జావాస్క్రిప్ట్ తయారుచేస్తుంటే మాత్రం లింకు బ్లాబ్ అని మొదలవుతుంది. దానికి సర్వర్‌లో చిరునామా ఉండదు, బటన్ నొక్కాల్సిందే. క్రోమ్ డెవ్‌టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి ఒకసారి నొక్కి చూడండి, మీది ఏ రకమో తెలిసిపోతుంది.