కొవ్వొత్తుల పండక్కి బాలింత గుడికెళ్ళేది మైల తీర్చుకోవడానికా?

చెన్నపట్నం కోడలు
మాది ఫిరంగిపురం పక్కన పల్లెటూరు, పుట్టుకతో ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్కులం. పెళ్ళయ్యాక చెన్నై, పెరంబూరు. డిసెంబర్ 24 రాత్రి పాప పుట్టింది, సిజేరియన్. ఫిబ్రవరి 2కి నలభై రోజులు నిండుతాయి, ఆ రోజే కొవ్వొత్తుల పండగ. "పాపనెత్తుకుని గుడికి పోయి మైల తీర్చుకుని, కొవ్వొత్తి వెలిగించుకుని రావాలమ్మా, మరియతల్లి కూడా అలాగే చేసింది" అంటున్నారు అత్తమ్మ. ఈ నలభై రోజులూ హాల్లో పీఠం దగ్గరికి నన్ను రానివ్వలేదు. తలగడ కింద పెట్టుకున్న జపమాల కూడా తీసి బీరువాలో పెట్టేశారు. చెడ్డావిడ కాదు, రాత్రి మూడింటికి పాప ఏడిస్తే ముందు లేచేది ఆవిడే.

నాకు ఆ పండగంటే ప్రాణం. చిన్నప్పుడు మా ఊళ్ళో గుడి బయట చీకట్లో నిలబడి ఒకరి కొవ్వొత్తి నుంచి ఒకరం అంటించుకుంటూ లోపలికి వెళ్ళేవాళ్ళం, చేతికి చుట్టుకున్న కాగితం మీద మైనం కారేది. అది వెలుగు పండగ అనుకున్నానే గానీ మైల పండగ అని ఎప్పుడూ అనుకోలేదు. ఇంతకీ ఏది నిజం? వెళ్ళాలా, మానాలా?

వాక్యమే చాలు
వందనాలు సిస్టర్. సూటిగా చెబుతాను, ఏమీ అనుకోవద్దు. లూకా సువార్త 2లో మరియమ్మ పసిబిడ్డ యేసుని దేవాలయానికి తీసుకెళ్ళింది యూదుల ధర్మశాస్త్రం ప్రకారం, అంటే లేవీయకాండం 12. ఆ ధర్మశాస్త్రాన్ని క్రీస్తు నెరవేర్చేశాడు, మనకి మైలా లేదు శుద్ధీ లేదు. ఇక కొవ్వొత్తుల సంగతి, వాటిని ఆశీర్వదించమని బైబిల్లో ఎక్కడుంది? రోములో లూపర్కాలియా అని అన్యుల పండగ ఉండేది, జనం దాన్ని మానలేకపోతే పోపు పేరు మార్చి చర్చిలోకి తెచ్చాడు. మీ అత్తగారు లేవీయకాండమే పాటించాలంటే పూర్తిగా పాటించమనండి. మగపిల్లాడికి 7 ప్లస్ 33, నలభై రోజులు. ఆడపిల్లకి 14 ప్లస్ 66. అంటే మీరు ఇంకో నలభై రోజులు ఆగాలి!

చెన్నపట్నం కోడలు
ఎనభయ్యా?! ఇప్పుడే బైబిలు తీసి అత్తమ్మకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "అది వాళ్ళ లెక్క, మన లెక్క నలభయ్యే" అని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

ఐసీఎఫ్ కాలనీ
అత్తమ్మకి దండం పెట్టాలి 😄

లజ్ కార్నర్ మాస్టారు
చెల్లెమ్మా, ముందు బ్రదర్ చెప్పిన లూపర్కాలియా సంగతి తేల్చి నీ ప్రశ్నకి వస్తాను, కాస్త పొడుగవుతుంది. లూపర్కాలియా ఫిబ్రవరి 15న జరిగేది, దాన్ని గెలాసియస్ అనే పోపు అయిదో శతాబ్దం చివర్లో గట్టిగా ఖండించిన మాట నిజం. కానీ అంతకు వందేళ్ళకి పైనే ముందు, 380ల్లో, ఎగేరియా అనే యాత్రికురాలు యెరూషలేములో ఈ పండగని కళ్ళారా చూసి రాసుకుంది. అక్కడ క్రీస్తు జననాన్ని జనవరి 6న తలచుకునేవారు కాబట్టి నలభయ్యో రోజు ఫిబ్రవరి 14న పడేది. ఈస్టరంత సంబరంగా చేశారని రాసింది. మైల గురించి కాదు, దేవాలయంలో సిమియోను, అన్న అనే ఇద్దరు ముసలివాళ్ళు బిడ్డని చూసిన ఘట్టం మీద ప్రసంగాలు జరిగాయని రాసింది. కొవ్వొత్తులు తర్వాత వచ్చాయి. అయిదో శతాబ్దం మధ్యలో, అదే యెరూషలేము దగ్గర, ఇకేలియా అనే సంపన్నురాలు మొదలుపెట్టిందని చెబుతారు. 542లో జస్టీనియన్ చక్రవర్తి కాన్‌స్టాంటినోపుల్‌లో ఫిబ్రవరి 2కి ఖాయం చేశాడు. రోములో ఊరేగింపు ఏర్పాటు చేసింది సెర్జియస్ పోపు, ఏడో శతాబ్దం చివర్లో. పుట్టిల్లు యెరూషలేమైతే రోము పండగని దొంగిలించిందెవరు బ్రదర్?

ఇప్పుడు మైల సంగతి. గ్రీకువాళ్ళు దీనికి పెట్టిన పేరు హిపపాంతె, అంటే ఎదురుపడటం, కలుసుకోవడం. పడమటి దేశాల్లో మాత్రం "మరియమ్మ శుద్ధీకరణ" అన్న పేరు పాతుకుపోయింది, మీ అత్తగారి మాటకి వేరు అక్కడుంది. 1969లో కాలెండరు సవరించినప్పుడు రోము ఆ పేరు తీసేసి "ప్రభువు సమర్పణ" అని పెట్టింది. పేరు మారి యాభై ఏళ్ళు దాటింది, మన ఇళ్ళలో మారలేదంతే. నిజానికి మన ఇళ్ళలో ఉన్నది లేవీయకాండం కూడా కాదు. పురుడు, మైల, బాలింతని ఏదీ ముట్టుకోనివ్వకపోవడం, ఇదంతా మతం మారకముందు నుంచీ ఉన్న మన ఊరి ఆచారం. దానికి మరియమ్మ పేరు అతికించుకున్నాం. అందుకే మీ అత్తగారికి ఎనభై అన్న లెక్క పట్టలేదు.

ఇంకొకటి. ఇంగ్లాండు వెళ్ళిన మిషనరీ అగస్టీన్ ఇదే ప్రశ్న వేస్తే, బిడ్డని కన్న గడియలోనే తల్లి కృతజ్ఞత చెప్పడానికి గుడిలోకి వచ్చినా పాపం లేదని పోపు గ్రెగరీ జవాబిచ్చాడట. బీడ్ అనే ఇంగ్లీషు సన్యాసి రాసిన చరిత్రలో ఉంది, క్రీ.శ. 600 ప్రాంతపు మాట. పద్నాలుగు వందల ఏళ్ళ కిందటే తేలిపోయిన దానికి మీ ఇంట్లో జపమాల బీరువాలో ఉంది.

నేను రోజూ బస్సు దిగేది ఇక్కడే చెన్నైలో, లజ్ కార్నర్‌లో. "లజ్" అంటే పోర్చుగీసులో వెలుగు. తుపాన్లో దారి తప్పిన ఓడవాళ్ళకి ఒడ్డు మీద ఒక వెలుగు కనిపించిందనీ, దాన్ని పట్టుకుని వచ్చి వెలుగుమాతకి గుడి కట్టారనీ కథ. రాయి మీద 1516 అని ఉంటుంది, ఆ ఏడాది నమ్మొచ్చా లేదా అని చరిత్రకారులు ఇప్పటికీ కొట్టుకుంటారు. తమిళులకి అది కాట్టు కోవిల్, అడవి గుడి. ఇప్పుడక్కడ అడవీ లేదు, పార్కింగూ లేదు.

నెల్లూరు లూథరన్
చిన్న సవరణ, ఇది ఒక్క ఆర్‌సీఎం పండగ కాదు. లూథర్ దీన్ని తీసెయ్యలేదు, లూథరన్ కాలెండర్లలో ఇవాళ్టికీ ఉంది. ఆంగ్లికన్ సాయంకాల ప్రార్థనలో పాడే సుమెయోను (మాస్టారు చెప్పిన సిమియోనే) పాట ఈ ఘట్టంలోదే కదా. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) పెద్దవాళ్ళని అడగండి, చూడకుండా అప్పజెబుతారు. అన్యజనులకు వెలుగు అన్న మాట ఆ పాటలోనే ఉంది. బ్రదర్, కొవ్వొత్తి బైబిల్లో లేకపోవచ్చు, వెలుగు మాత్రం అక్కడే ఉంది.

వాక్యమే చాలు
మాస్టారూ, లూపర్కాలియా మాట వెనక్కి తీసుకుంటున్నాను. యూట్యూబ్‌లో విన్నది సరి చూసుకోకుండా రాశాను. కానీ నా అసలు అభ్యంతరం అలాగే ఉంది. ఆశీర్వదించిన కొవ్వొత్తి ఇంట్లో ఉంటే పిడుగు పడదు, చావు బతుకుల్లో ఉన్నవాళ్ళ చేతిలో పెడితే దయ్యం దగ్గరికి రాదు, ఇవన్నీ నేను చెన్నైలోనే విన్నాను. దానికీ తాయెత్తుకీ తేడా ఏంటి?

ఐసీఎఫ్ కాలనీ
పోలండ్‌లో అయితే దాని పేరే ఉరుము కొవ్వొత్తి, గ్రొమ్నిత్సా. గాలివానలో కిటికీలో వెలిగిస్తారు. మా ఇంట్లో నమ్మకం అంటూ ఏమీ లేదు గానీ 2023 డిసెంబర్ మిచాంగ్ తుపానుకి మూడు రోజులు కరెంటు లేదు, ఇన్వర్టర్ మొదటి రాత్రే చచ్చిపోయింది, కొట్లలో కొవ్వొత్తులు అయిపోయాయి. అమ్మ బీరువాలోంచి పండగ కొవ్వొత్తి తీసింది. మే నెల ఎండకి వంకీలా వంగిపోయి ఉంది, గ్లాసులో నిలబెడితే ఒరిగిపోతోంది. దాని వెలుగులోనే మా నాన్నకి ఇన్సులిన్ ఇచ్చాం. నాన్న మటుకు "దేవుడికి పెట్టుకున్నది వాడేశావే" అని అమ్మని తిట్టారు.

వాక్యమే చాలు
బ్రదర్, వెలుగిచ్చింది వత్తి, ఆశీర్వాదం కాదు. అయినా నాన్నగారు బాగున్నారు కదా? దేవునికి స్తోత్రం.

పుత్తూరు పిల్ల
కొవ్వొత్తులు విదేశీవి, దీపాలు హిందువులవి అని మా పాస్టర్ గారు రెండూ వద్దంటారు. మరి చీకట్లో కూర్చోవాలా?

లజ్ కార్నర్ మాస్టారు
అమ్మాయ్, పూజలో కొవ్వొత్తికి బదులు నూనె దీపం పెట్టుకోవచ్చని భారత బిషప్పులు అడిగితే రోము 1969లోనే ఒప్పుకుంది. ప్రమిదకి మతం లేదు.

వాక్యమే చాలు అన్నదాంట్లో పస ఉంది, కాదనను. కొవ్వొత్తిని తాయెత్తు చేసుకున్నది మనమే. చెల్లెమ్మా, నువ్వు మాత్రం వెళ్ళు. పాత రోమన్ పద్ధతిలో బాలింతకి చేసే ఆశీర్వాదం ఒకటుండేది, ఆవిడ వెలిగించిన కొవ్వొత్తి పట్టుకుని గుమ్మం దగ్గర మోకరిస్తే ఫాదర్ వచ్చి లోపలికి తీసుకెళ్ళేవారు. పుస్తకంలో అది కృతజ్ఞత చెప్పుకోవడమే, గుమ్మం దగ్గర ఆగడం చూసి జనం మైల అనుకున్నారు. అయితే వెళ్ళేముందు బీరువా తాళం అడిగి ఆ జపమాల నువ్వే తీసుకో. తిరిగొచ్చాక కాదు, వెళ్ళేముందు.

చెన్నపట్నం కోడలు
వెళ్ళొచ్చాను. జపమాల అడిగితే అత్తమ్మ ఒక్క నిమిషం ఏమీ అనలేదు, తర్వాత తాళాలగుత్తి మంచం మీద పెట్టి స్నానానికి వెళ్ళిపోయారు. ఇచ్చారని చెప్పలేను, ఇవ్వలేదనీ చెప్పలేను.

సాయంత్రం పూజకి గుడి బయట లైన్లో నిలబడితే పక్కన ఒక తమిళ పాట్టి, ఎనభై ఏళ్ళుంటాయి, "ఒరు నిమిషం కుడుమ్మా" అని తన కొవ్వొత్తి నా చేతిలో పెట్టి పాపని తీసుకుంది. ఇస్తే పడేస్తుందేమో అని నాకు టెన్షన్. ఆవిడ ఊరికే మొహంలోకి చూస్తూ నిలబడింది, ఏమీ మాట్లాడలేదు, లైను కదిలినా కదల్లేదు. మాస్టారు చెప్పిన అన్న గుర్తొచ్చి నాకు ఏడుపొచ్చేసింది. రెండు చేతుల్లో రెండు కొవ్వొత్తులు, కళ్ళు తుడుచుకోవడానికి కూడా లేదు.

ఇంటికొచ్చాక అత్తమ్మ ఎదురింటావిడతో "మైల తీరిందండీ" అనే చెప్పారు. నేనూ ఊరుకున్నాను, ఆ పూటకి.

పట్టుచీర కుచ్చిళ్ళ మీద పాట్టి కొవ్వొత్తి మైనం పడింది, రూపాయి బిళ్ళంత. ఎలా పోతుందో ఎవరికైనా తెలుసా?

పుత్తూరు పిల్ల
గోకకండి అక్కా. పైనా కిందా టిష్యూ పేపర్ పెట్టి ఇస్త్రీ పెట్టె చాలా తక్కువ వేడి మీద ఆనించండి, మైనం కాగితానికి అంటుకుంటుంది. ముందు లోపలి అంచు మీద చూసుకోండి.